మూడు కీరాత్‌లు

మామ పోయి నలభై రోజులు.
నైలు పడమటి గట్టున, సొహాగ్ దాటాక,
కోతకొచ్చిన చెరకుతో పదిహేను కీరాత్‌ల నేల
ఎవరిదీ కాకుండా నిలబడి ఉంది.
మాకు నేలా బంగారమూ వాటాలూ
అన్నీ కీరాత్‌లలోనే.
ఒక్క కీరాత్ అంటే ఒక ఇల్లు పట్టేంత చోటు.

టీ నేనే కాచాను.
నల్లగా, పాకంలా, గ్లాసుకు నాలుగు చెంచాల చక్కెర.
బేరం చేదుగా ఉన్న రోజున
మా ఇళ్లలో టీ మరీ తియ్యగా ఉంటుంది.

చాప మధ్యలో పెద్దబావ ఖలఫ్ పెట్టినవి:
ఒక కవరు, గులాబీ కాగితం చుట్టిన మిఠాయి పెట్టె,
మడత విప్పని ఊదారంగు శాలువా.
దీన్ని రద్వా అంటాం.
అలిగిన ఆడపడుచును బుజ్జగించే సొమ్ము.
అలగకముందే ఇచ్చేస్తారు,
అలిగే హక్కు కూడా అందులోనే కొనేసుకుంటారు.

"భూమి పరాయింటికి పోకూడదు కదమ్మా" అన్నాడు బావ.
పరాయిల్లంటే కాలవకు అటుపక్క.
ఇక్కడ కోడి కూస్తే అక్కడ నిద్ర లేస్తారు.

ఇన్షిరాహ్ శాలువా ముట్టలేదు.
ఆ పేరుకు అర్థం గుండె విప్పారడం.
ఆ పూట ఆమె ముఖం మాత్రం
బిగించి కట్టిన మూటలా ఉంది.

"చిన్నన్నా" అంది నా మొగుణ్ణి చూసి.
"నాన్న పోయినప్పుడు పందిట్లో నువ్వు చదివితే
దారిన పోయే లారీ ఆగింది.
ఇప్పుడు నా కోసం ఒక్క ఆయత్ చదువు.
ఆడబిడ్డకు ఇంత అని
లెక్క కట్టి చెప్పిన చోటు.
ఒకే చాప మీద నేర్చుకున్నాం కదా,
తప్పు నీదైనా దెబ్బ నాకే పడేది."

షాఫీ నుదుటి మీద సజ్దా మచ్చ
ఎండు ఖర్జూరం తొక్కలా నల్లగా.
గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాడు కూడా,
సాగదీయాల్సిన చోట సాగదీస్తూ,
ముక్కుతో పలకాల్సింది ముక్కుతో పలుకుతూ.
ఆ మాట దగ్గరికొచ్చి
ఆగాడు.
నిలుపు గుర్తు లేని చోట ఆగాడు.

"అది మతం, ఇది మన ఆచారం" అన్నాడు బావ.
"రెండూ మనవే."
"రెండూ మీవే" అంది ఇన్షిరాహ్.

గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడ్డాను.
నిజం చెప్పాలంటే నాకు కోపమొచ్చింది, ఆమె మీద.
ఆమెకు మూడిస్తే మా వాటాలో ఒకటిన్నర తరుగు.
ఒకటిన్నరంటే వంటింటి కప్పు, పెద్దాడి ఫీజు.
అప్పటికే లెక్క వేసేశాను.
వేస్తుంటే బొటనవేలు దురద పెట్టింది.

పదకొండేళ్ల కిందట మా అన్నలూ ఇలాగే వచ్చారు.
కుట్టుమిషన్ తెచ్చారు. సిరా పెట్టె తెచ్చారు.
నాకు చదవడం వచ్చు, రాయడం వచ్చు.
అయినా వేలిముద్రే అడిగారు,
సంతకమైతే ముందు చదువుతానేమోనని.
ఆ మిషన్ మీద ఇప్పటికీ
దిండు గలీబులు కుడుతున్నాను.
ఎన్ని గలీబులు కలిస్తే రెండు కీరాత్‌లో
ఇంకా తేలలేదు.

మా నవారా నా చెయ్యి లాగి అడిగింది,
"నాన్నకు ఆరైతే అత్తకు మూడేనా? ఎందుకని?"
మంచి ప్రశ్నే తల్లీ. దాచుకో,
పెద్దయ్యాక గట్టిగా అడుగు.
ఈ పూట ఆ మూడు కూడా
ఒక శాలువా మడతల్లోకి పోతున్నాయి.

ఇన్షిరాహ్ లేచి చెప్పులేసుకుంది.
"శనివారం కొలతవాణ్ణి తీసుకొస్తాను.
గొలుసు అటు కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి"
అని నా వైపు చూసింది.
నేను గ్లాసులు ఏరుతున్నాను.

తెల్లవారుజామున పక్కగదిలో షాఫీ గొంతు.
ఎవరూ వినడం లేదనుకుని చదువుతున్నాడు.
ఆ మాట దాకా వస్తాడు, ఆగుతాడు,
మళ్లీ మొదటి నుంచి.

మిఠాయి పెట్టెకు చీమలు పట్టాయి.
మిషన్ సొరుగులో, దారపుండల కింద,
నా కాగితం నకలు ఉంది.
పదకొండేళ్లలో మొదటిసారి
దీపం దగ్గరికి జరిపి చదివాను.

నా పేరు తప్పుగా రాశారు.